కిరణ్ అంటే అబ్బాయా, అమ్మాయా? ఇద్దరికీ చెల్లే పేరును పరిశీలించి పెట్టుకునే పద్ధతి

కిరణ్ బేడీ ఆవిడ, కిరణ్ మోరే ఆయన. కిరణ్ మజుందార్ షా ఆవిడ, నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి ఆయన. పేర్ల పుస్తకాలు, సైట్లు మాత్రం “కిరణ్: వెలుగు రేఖ, ఇద్దరికీ పెట్టుకోవచ్చు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ ముక్క పట్టుకుని అమ్మాయికి కిరణ్ అని పెట్టేస్తే, బడిలో చేర్చిన రోజునే గుమాస్తా “బాబు పేరు?” అని మొదలుపెడతాడు. అదే పేరుతో లక్నోలో అడుగుపెడితే ఆ ప్రశ్నే రాదు.

కాబట్టి ఒక పేరు ఇద్దరికీ చెల్లుతుందా అని అడిగేటప్పుడు ఎక్కడ, ఏ తరంలో, వెనక ఏ ముక్క తగిలించుకుని అనేవి కూడా కలిపి అడగాలి. ఆ పని ఎలా చెయ్యాలో ఇక్కడ కిరణ్ మీద చేసి చూపిస్తున్నాం. భాను, శశి, తేజ, సత్య, సుమన్ ఏదైనా ఇదే వరసలో చూసుకోవచ్చు.

నిఘంటువులో ఏం చూడాలి

“కిరణ్” అని వెతికితే దొరకదు. తెలుగు నిఘంటువుల్లో “కిరణము” అనీ, సంస్కృత నిఘంటువుల్లో “కిరణ” అనీ ఉంటుంది. ఏ పేరైనా సరే, చివరి పొల్లు తీసేసి అచ్చు పెట్టి వెతకాలి. పుస్తకాలు దగ్గర లేకపోతే ఆంధ్రభారతి సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకేచోట వెతకొచ్చు. కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ధాతువు (పదం పుట్టిన మూలం), అర్థాలు పుట్టిన వరస, శబ్దలింగం (వ్యాకరణంలో ఆ పదానికి ఇచ్చే లింగం).

కిరణ శబ్దానికి ధాతువు కౄ. చల్లడం, వెదజల్లడం అని అర్థం. వికీర్ణం, ప్రకీర్ణం, భౌతికశాస్త్రం పుస్తకంలోని వికిరణం, ఎన్నికల తర్వాత పేపర్లలో కనిపించే సంకీర్ణ ప్రభుత్వం, అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఋగ్వేదంలో కిరణ అంటే సన్నని ధూళి అనే అర్థం ఉంది. సూర్యుడి నుంచి, చంద్రుడి నుంచి వెదజల్లబడే వెలుగు రేఖ అనే అర్థం తర్వాత స్థిరపడింది. “మీ పిల్ల పేరుకి దుమ్ము అని అర్థమట” అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే కంగారు పడక్కర్లేదు. రెండు అర్థాల్లోనూ ఉన్నది చిమ్మబడేది అన్న ఒక్క భావమే. ఇలాంటి పాత అర్థం ప్రతి పేరుకీ ఒకటి దొరుకుతుంది. అది ఇప్పటి తెలుగులో బతికి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

ఇక లింగం. నిఘంటువులో పదం పక్కన పుం., స్త్రీ., న. అని పొట్టి గుర్తు ఉంటుంది. కిరణ పుంలింగం. చాలామంది ఇక్కడే ఆగిపోయి “సంస్కృతంలో పుంలింగం, కనక మగపేరే” అని తీర్పు చెప్పేస్తారు. శబ్దలింగానికీ మనిషికీ అంత సంబంధం లేదు. భార్య అనే అర్థంలోనే దార శబ్దం పుంలింగం, కళత్రం నపుంసకం.

ఇది పేర్ల విషయంలో ఎంత వదులుగా ఉంటుందో అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు అమరకోశం దిగ్వర్గంలో కిరణానికి ఇచ్చిన పర్యాయపదాలు తీసుకుంటే తెలిసిపోతుంది. రశ్మి పుంలింగం, దేశమంతా ఆడపిల్ల పేరు. భాను పుంలింగం, మన దగ్గర భానుప్రకాశ్‌లూ ఉన్నారు, భానుమతులూ ఉన్నారు. అంశు పుంలింగం, ఉత్తరాదిలో ఇద్దరికీ పెడతారు. దీధితి స్త్రీలింగం, అరుదుగా పెట్టినా అమ్మాయిలకే. మరీచికి అమరసింహుడే రెండు లింగాలూ ఇచ్చాడు, అయినా ఆ పేరు ఎవరూ ముట్టుకోరు. మారీచుడు గుర్తొస్తాడు కాబోలు.

ఇంకో తమాషా తేజస్వి. సంస్కృతంలో తేజస్వీ అంటే మగవాడు, ఆడవాళ్లకైతే తేజస్విని. బీహార్‌లో తేజస్వి యాదవ్, బెంగళూరులో తేజస్వి సూర్య మగవాళ్లే. తెలుగిళ్లలో తేజస్వి అనగానే అమ్మాయి గుర్తొస్తుంది. చివర ఇకారం వినబడితే మన చెవి అమ్మాయి వైపు మొగ్గుతుంది. రవి, హరి, మురళి లాంటి పాతుకుపోయిన పేర్లు దీనికి లొంగవు, కొత్తగా వచ్చిన పేర్లు లొంగుతాయి.

చుట్టుపక్కల భాషల్లో ఒక వాక్యం

పేరు ఏ ప్రాంతంలో ఎవరిదో తెలుసుకోవడానికి నిఘంటువు కంటే ఎక్కువ ఉపయోగపడేది ఆ భాషలో ఆ పదంతో ఒక మామూలు వాక్యం. “ఆశాకిరణం” అనే మాటని నాలుగు భాషల వాళ్లను అడగండి.

హిందీలో “ఆశా కీ కిరణ్”. కీ అంటే స్త్రీలింగం. ఉర్దూలోనూ కిరణ్ స్త్రీలింగమే. అందుకే హిందీ ప్రాంతాల్లో కిరణ్ ప్రధానంగా ఆడపేరు, పాకిస్తాన్‌లోనూ అంతే. మరాఠీలో “ఆశేచా కిరణ్”, పుంలింగం. అక్కడ మగ కిరణ్‌లు మామూలే. గుజరాతీలో “ఆశానుం కిరణ్”, నపుంసకం. అక్కడ ఇద్దరికీ పెడతారు. పంజాబీ సిక్కుల సంగతి వేరు. కిరణ్‌దీప్, కిరణ్‌జీత్ లాంటి పేర్లు ఇద్దరికీ ఒకటే ఉంటాయి, వెనక సింగ్ ఉంటే మగ, కౌర్ ఉంటే ఆడ. తేల్చే పని పూర్తిగా చివరి ముక్కకి అప్పగించిన పద్ధతి అది.

తెలుగులో “కిరణం పడింది” అంటాం. అమహత్తు, అంటే మగవాళ్లు కాని వాటి వర్గం. ఆడవాళ్లకి వాడే క్రియ కూడా అదే, “వచ్చింది”. అంటే మన వ్యాకరణంలో ఈ పదాన్ని మగవైపు నెట్టేది ఏమీ లేదు. అయినా తెలుగునాట కిరణ్ అంటే ముందు మగవాడే గుర్తొస్తాడు. రెండు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి చివరి పొల్లు. తెలుగు అజంత భాష, మన సొంత పదాలు అచ్చుతో ముగుస్తాయి. పొల్లుతో ముగిసే పేర్లు మన దగ్గరికి వచ్చిందే రమేశ్, సురేశ్, కుమార్, ప్రసాద్ లాంటి మగపేర్ల గుంపుగా. ఆ అలవాటుతో పొల్లు వినబడితే మగ అనుకుంటాం. సుమన్‌కి జరిగింది చూడండి. హిందీ పాటలు వినేవాళ్లకి సుమన్ కల్యాణ్‌పూర్ అనే గాయని, తెలుగు సినిమా చూసేవాళ్లకి సుమన్ అనే హీరో.

రెండోది అంతకంటే లోతైనది. పాత తెలుగు పేర్లలో ముందు ముక్క ఇద్దరిదీ. వీరయ్య, వీరమ్మ. పుల్లయ్య, పుల్లమ్మ. వెంకయ్య, వెంకమ్మ. అయ్య, అమ్మ, అన్న, అక్క అనే చివరి ముక్కే మనిషి ఎవరో చెప్పేది. అయ్య, అమ్మ మోటు అనిపించి వదిలేసిన తరం వాటి చోట కుమార్, బాబు, కుమారి, దేవి, రాణి పెట్టుకుంది. కిరణ్ ఆ తరంలో కుమార్‌ని వెంటేసుకుని ఊళ్లలోకి వచ్చింది. అమ్మాయిలకి కిరణ్మయి అయింది. తోక లేని వట్టి కిరణ్‌కి మన దగ్గర నిలదొక్కుకునే సందే దొరకలేదు. హైదరాబాద్‌లో మాత్రం రెండు ప్రవాహాలూ కలుస్తాయి. ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్లలో కిరణ్ అమ్మాయి, పక్క తెలుగింట్లో కిరణ్ అబ్బాయి.

ఏ తరంలో ఎంత నడిచిందో లెక్క కట్టడం

తేలిక పద్ధతి ముందు. ఆ పేరున్న ప్రసిద్ధులను పది మందిని తీసుకుని, వాళ్లు పేరు తెచ్చుకున్న సంవత్సరం వదిలేసి పుట్టిన సంవత్సరం, ఊరు రాసుకోండి. కిరణ్ బేడీ 1949, అమృత్‌సర్. ఇస్రో అధ్యక్షుడిగా చేసిన ఎ.ఎస్. కిరణ్ కుమార్ 1952, కర్ణాటక. కిరణ్ మజుందార్ షా 1953, బెంగళూరులో స్థిరపడ్డ గుజరాతీ కుటుంబం. నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి 1960, హైదరాబాద్. కిరణ్ మోరే 1962, బరోడా. 1972లో కిరణ్ బేడీ తొలి మహిళా ఐపీఎస్ అధికారి అయ్యాకే ఆడవాళ్లకి ఈ పేరు పెట్టడం మొదలైందని ఎవరైనా అంటే ఈ కాగితం చూపించండి. ఆవిడ పుట్టినప్పటికే ఆ పేరు అమ్మాయికి చెల్లింది, అందుకే ఆవిడకి పెట్టారు. ప్రసిద్ధుల వల్ల పేరు పెరిగిందని చెప్పాలంటే వాళ్లు వెలుగులోకి వచ్చిన తర్వాత పుట్టిన పిల్లల్లో ఆ పెరుగుదల కనిపించాలి.

అసలు లెక్కకి ఓటర్ల జాబితా కావాలి. అమెరికాలోలాగా పుట్టిన పిల్లల పేర్ల పట్టికలు మన దగ్గర ఏటేటా రావు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైటులో పోలింగ్ కేంద్రం వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. ఒక్కో ఓటరుకి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. మూడు భాగాలు తీసుకోండి: ఒక పల్లెటూరు, ఒక పట్టణంలో పాత వార్డు, ఒక కొత్త అపార్ట్‌మెంట్ల కాలనీ. ఈ పీడీఎఫ్‌లలో పేజీలు బొమ్మలుగా ఉంటాయి కనక వెతుకు పెట్టెలో పేరు కొడితే ఏమీ రాదు. కంటితోనే చూడాలి, లేదా బొమ్మలోంచి అక్షరాలు తీసే సాఫ్ట్‌వేర్ వాడి తర్వాత సరిచూసుకోవాలి. పేర్లు అక్షరక్రమంలో ఉండవు, ఇళ్ల వరసలో ఉంటాయి.

పట్టికలో అడ్డంగా వయసులు: 18–29, 30–39, 40–49, 50–59, 60 పైన. నిలువుగా నాలుగు గళ్లు: వట్టి కిరణ్; కిరణ్ కుమార్, కిరణ్ బాబు లాంటివి; సాయికిరణ్, రవికిరణ్ లాంటివి; కిరణ్మయి. ఒక్కో గడిలో ఆడ, మగ విడివిడిగా గీతలు పెట్టండి. పుట్టిన సంవత్సరం కావాలంటే జాబితా మొదటి పేజీలో ఉన్న అర్హత తేదీలోంచి వయసు తీసేయండి.

తప్పులు దొర్లేది ఇక్కడే. అందరూ చేసేది, వట్టి సంఖ్యలు పోల్చడం. ఆ వయసులో మొత్తం ఎంతమంది ఉన్నారో కింద రాయకపోతే, జనం ఎక్కువున్న వయసులో పేరు పెరిగినట్టు కనిపిస్తుంది. ఉదాహరణకి 40–49 వయసులో 200 మందికి 4 కిరణ్‌లు, 18–29లో 300 మందికి 3 అనుకోండి. చూడ్డానికి ఒకటే తగ్గింది, నిజానికి 2 శాతం నుంచి 1 శాతానికి, అంటే సగానికి పడింది. అయితే ఇంత చిన్న అంకెల మీద శాతాలు కట్టి వాదించకూడదు. గడిలో పది మందైనా లేకపోతే ఇంకో రెండు పోలింగ్ కేంద్రాలు కలపండి.

అక్షరదోషాలు మరో తలనొప్పి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి యంత్రం మార్చిన చోట కిరన్, కిరాన్ అని పడుతుంది, అవన్నీ కలుపుకోవాలి. ఆడవాళ్లు పెళ్లయ్యాక వేరే ఊరి జాబితాలోకి వెళ్తారు కనక, “మా ఊళ్లో ఈ పేరు ఆడవాళ్లకి లేదు” అనే మాట జాబితా చూసి చెప్పలేం, ఆ ఊళ్లో పుట్టినవాళ్లు వేరే చోట ఉంటారు. పైగా 18 ఏళ్ల లోపు వాళ్లు ఇందులో ఉండరు. ఈ మధ్య ధోరణి కావాలంటే తెలిసిన బడిలో ఒకటో తరగతి పేర్లు చదివించుకోవడమే మార్గం. ఎక్కడైనా అంకెలు మాత్రమే రాసుకోండి, మనుషుల వివరాలు కాపీ చేసి పెట్టుకోవద్దు.

తెలుగు ప్రాంతంలో ఈ పట్టిక మామూలుగా ఒక ఆకారంలో వస్తుంది. అయ్య, అమ్మల తరంలో కిరణ్ దాదాపు ఉండదు. కుమార్ల తరంలో మగవాళ్ల పేరుగా గుంపుగా కనిపిస్తుంది. సాయి పేర్ల తరంలో రెండో ముక్కగా మారి బతుకుతుంది. ఇప్పటి పిల్లల్లో రెండు మూడక్షరాల కొత్త పేర్ల మధ్య వట్టి కిరణ్ పాతగా వినిపిస్తుంది. ఇద్దరికీ చెల్లే పేరు కావాలనుకునేవాళ్లకి ఇది మంచిదే. కుమార్ వాసన పోయిన పేరుకి కొత్త తోక అతుకుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి పని సుళువు. అమెరికా సోషల్ సెక్యూరిటీ సంస్థ 1880 నుంచి ఏడాదికొక పట్టిక పెడుతుంది. ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి, ఒక ఏడాదిలో ఐదుగురి కంటే తక్కువ మందికి పెట్టిన పేరు కనిపించదు. ఇంగ్లండ్, వేల్స్ పట్టికలో ఆ హద్దు ముగ్గురు. ఆడ సంఖ్యని మొత్తంతో భాగించి ఐదేళ్లకొకసారి చుక్క పెడితే పేరు ఎటు వాలుతోందో తెలుస్తుంది. పట్టికలో లేని ఏడాదిని సున్నా అని రాయకండి, హద్దుకి కింద ఉందని రాయండి. ఇంకో చిక్కు: ఐర్లాండ్‌లో కీరన్ అనే మగపేరు ఉంది, నల్లనివాడు అనే అర్థమున్న ఐరిష్ మాట నుంచి వచ్చింది. ఆ పేరు చెవిలో ఉన్నవాళ్లు మన కిరణ్‌ని కూడా కీరన్ అని పలికి మగ అనుకుంటారు. అర్థం చూస్తే ఒకటి చీకటి, ఒకటి వెలుగు.

తోక, స్పెల్లింగ్

తెలుగునాట అమ్మాయికి వట్టి కిరణ్ పెట్టాలంటే పెట్టుకోవచ్చు. ఇంటిపేరు, కిరణ్, అంతే. కానీ మీరు తోక పెట్టకపోతే ఎవరో ఒకరు పెడతారు, ఫారం నింపే కుర్రాడు అలవాటు కొద్దీ కుమార్ కొట్టేస్తాడు. గొడవ వద్దనుకుంటే మధ్యే మార్గం కిరణ్‌ని రెండో ముక్కగా వాడటం. శ్రీకిరణ్, సాయికిరణ్ లాంటివి ఇద్దరికీ సాగుతాయి, అయితే వాటికీ మగవైపు మొగ్గు ఉంది.

కిరణ్మయి అందమైన పేరే, వ్యాకరణం మాత్రం కొంచెం వంకర. హిరణ్య శబ్దానికి మయ చేరితే హిరణ్మయ అవుతుంది, అది సంస్కృతం ఒప్పుకున్న ప్రత్యేక రూపం. కిరణకి మయ చేరితే రావలసింది కిరణమయి. హిరణ్మయి పోలికతో కిరణ్మయి పుట్టి స్థిరపడింది. పురోహితుడు అభ్యంతరం చెబితే ఇంత తెలిసి ఉంటే చాలు, పేరు మార్చక్కర్లేదు.

జంట పేర్లలో అర్థం చూసుకోండి. రవికిరణ్, శశికిరణ్ అంటే సూర్యుడి కిరణం, చంద్రుడి కిరణం. హిమకిరణ్ అలా కాదు. చల్లని కిరణాలు గలవాడు, అంటే చంద్రుడే. సహస్రకిరణ్ సూర్యుడు. ఈ రెండో రకం సమాసాలు “గలవాడు” అని మగవైపు తీరుతాయి, అమ్మాయికి పెట్టేటప్పుడు వదిలేయడం మేలు.

ఇంగ్లీషులో కె, ఐ, ఆర్, ఎ, ఎన్. ఐదక్షరాలతో ఆపేయండి. అమ్మాయి పేరులా కనిపించాలని చివర ఇంకో ఎ తగిలిస్తే కిరాణా కొట్టు అవుతుంది. న్యూమరాలజీ కోసం రెండు ఆర్‌లు పెడితే బతుకంతా స్పెల్లింగ్ చెప్పుకోవాల్సిందే.

పేరు ఖాయం చేసే ముందు పిలిచి చూడండి. “కిరణ్ గారు వచ్చారు” అన్నంతవరకు తెలుగులో ఎవరో బయటపడదు, అందుకే తెలియని కిరణ్‌కి ఉత్తరం రాసేటప్పుడు గారు అంత క్షేమమైన మాట లేదు. “కిరణ్ వచ్చింది” ఇంట్లో వాళ్ల నోట సాఫీగా పలుకుతుందో లేదో చూడండి. పెళ్లి శుభలేఖలో “చి.ల.సౌ. కిరణ్” అని రాసుకుని కూడా చూడండి, తాతలు, బామ్మలు అభ్యంతరం చెప్పేది అక్కడే.

నమోదు

జననం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, చాలాసార్లు పేరు గడి ఖాళీగానే వెళ్తుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. మీసేవలో, మున్సిపాలిటీలో, పంచాయతీలో, ఆంధ్రలో సచివాలయంలో అడగండి. అంటే నామకరణం నాడే తేల్చుకోవాలన్న తొందర లేదు, పేరు నాలుగు నెలలు ఇంట్లో పిలిచి చూసే వెసులుబాటు ఉంది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి బడికీ, పాస్‌పోర్టుకీ, ఆధార్‌కీ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. కనక అందులో తెలుగు, ఇంగ్లీషు రెండు చోట్లా ణ, న తేడాతో సహా అక్షరం అక్షరం చూసుకున్నాకే తీసుకోండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, కిరణ్ ఇంకో గడిలో పెట్టండి. ఇంటిపేరు గడి ఒక్కటీ ఖాళీ వదిలితే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు చోట పేరు తెలియదనే గుర్తుగా ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అక్కడి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే వెంటాడుతుంది.

ఆధార్ దగ్గర మాత్రం కౌంటర్ వదలకముందే రసీదులో లింగం గడి చదవండి. అమ్మాయి కిరణ్‌కి పురుషుడు అని నొక్కడం సాధారణంగా జరిగే పొరపాటు. పేరుని జీవితంలో రెండుసార్లు మార్చుకోనిస్తారు, లింగం గడిని ఒక్కసారే. ఆ ఒక్కసారి ఆపరేటరు తప్పు దిద్దడానికి ఖర్చయిపోతే, మళ్లీ తేడా వచ్చినప్పుడు ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి.